సమకాలీన క్రైస్తవారాధనా నాయకత్వము

స్థానిక క్రైస్తవ సంఘములలో ఆదివారపు ఆరాధన సమయమున, వర్తమానకాలపు బాణీలలో కూర్చబడిన గీతములను వాద్యబృందము తోడ్పాటుతో సభవారందరిచేత పాడించి, ప్రార్థనలతోను లేఖన పఠనముతోను వానిని అనుసంధించి నడపు పరిచర్యకు సమకాలీనారాధనా నాయకత్వమని పేరు. ఈ పరిచర్యను నిర్వహించువారిని తెలుగు సంఘములలో ఆరాధన నాయకుడనియు, వర్షిప్ లీడరనియు, పల్లెపట్టులలో పాటలు పాడించే అన్న యనియు, అక్క యనియు వ్యవహరించుచుందురు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఉత్తర అమెరికా, ఇంగ్లాండు, ఆస్ట్రేలియా దేశములలో రూపుదిద్దుకొనిన ఈ పద్ధతి, నేడు పెంతెకొస్తు సంఘములలోనే కాక, బాప్టిస్టు, లూథరను, దక్షిణ ఇండియా సంఘము మొదలగు సంప్రదాయ శాఖలయందును, కాథలిక్కుల కరిస్మాటిక్ కూటములయందును నెలకొనియున్నది. గాయకుని కంఠమాధుర్యము, వాద్యముల పొందిక, ధ్వనియంత్రముల శక్తి ఇందు మొదట కంటికిని చెవికిని తగులునవే యైనను, ఈ పరిచర్య ఎంతవరకు సఫలమైనదో తేల్చునది సభవారి గొంతుకయే. నాయకుడెంత చక్కగ పాడినను, అతనియెదుట నున్నవారు పెదవి కదపక నిలిచిపోయినచో, అది గానసభ యగును గాని ఆరాధన కాదు.

లేఖనాధారములు

సంగీత పరిచర్యకు ప్రత్యేకముగ మనుష్యులను నియమించు ఆచారము పాతనిబంధన కాలమునుండియు కలదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథమునందలి 25వ అధ్యాయమున, ఆసాపు, హేమాను, యెదూతూను అను మువ్వురి వంశములకు చెందిన శిక్షితులైన గాయకులు 288 మంది యుండిరనియు, గురువని శిష్యుడని భేదము పాటింపక తమ వంతులకొరకు వారు చీట్లు వేసికొనిరనియు వ్రాయబడియున్నది. క్రొత్తనిబంధనలో ఇట్టి ప్రత్యేకోద్యోగము కానరాదు. అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకును ఎఫెసీయులకును వ్రాసిన పత్రికలలో పాటను విశ్వాసులు ఒకరినొకరు బోధించుకొను సాధనముగ పేర్కొనెను; కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున, ఆత్మతో పాడుటతోపాటు మనస్సుతోను పాడవలెననియు, సభలో జరుగునదంతయు అందరి క్షేమాభివృద్ధికై క్రమముగ సాగవలెననియు ఉపదేశించెను.

శిక్షితులైన కొందరి నైపుణ్యము, సర్వసభయొక్క భాగస్వామ్యము అను ఈ రెండింటి నడుమ పొత్తు కుదుర్చుటయే తరువాతి శతాబ్దముల ఆరాధనా చరిత్రలో ప్రధాన సమస్యయైనది. మధ్యయుగపు పాశ్చాత్య సంఘమున గానము చాలవరకు గాయకబృందమునకును మఠవాసులకును పరిమితము కాగా, 16వ శతాబ్దమున మార్టిన్ లూథర్ జర్మను భాషలో సభాగీతములను రచించి, పాటను జనులకు తిరిగి అప్పగించెను. 1645లో ఇంగ్లాండున అమలునకు వచ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆరాధనా విధానము, చదువు రానివారు పెక్కుమంది యున్నచోట కీర్తనలోని ప్రతి పంక్తిని ముందుగ చదివి పిమ్మట పాడింపవలసినదని సూచించెను. తెలుగు పల్లెసంఘములలో నాయకుడు పాట నడుమనే రాబోవు పాదమును వడివడిగ పలికి సభకు అందించుట నేటికిని వినవచ్చును. అవసరమొక్కటే గనుక ఉపాయమును ఒక్కటే యైనది. తెరలు, ముద్రిత పుస్తకములు వచ్చిన పిమ్మటను, అక్షరజ్ఞానము లేని వృద్ధులున్న సంఘములలో ఈ అందింపు నాయకుని మొదటి విద్యగనే నిలిచియున్నది.

చారిత్రక వికాసము

నేటి పద్ధతికి మూలమైన పాయలు రెండు. మొదటిది పెంతెకొస్తు ఉద్యమము. 1906లో లాస్ ఏంజలీస్ నగరమున అజూసా వీథిలో ఆరంభమైన కూటములనుండి స్వేచ్ఛాస్తుతి, సామూహికముగ గొంతెత్తి ప్రార్థించుట అను లక్షణములు లోకమంతట వ్యాపించినవి. 1940ల దశకమున కెనడాదేశపు బోధకుడు రెజ్ లేజెల్, తన ప్రజలు చేయు స్తోత్రములమీద దేవుడు ఆసీనుడగుననెడి 22వ కీర్తనలోని భావమును ఆధారము చేసికొని, స్తుతి దైవసన్నిధికి ద్వారమని బోధింప నారంభించెను. 1948లో సస్కాచ్వాన్ రాష్ట్రమునందలి నార్త్ బాటిల్‌ఫోర్డ్ పట్టణమున పొడసూపిన కడవరి వర్షోద్యమము ఈ బోధను దూరదూరముల కెక్కించెను. అంతకుముందు ప్రసంగమునకు ఉపోద్ఘాతమాత్రముగ నుండిన పాట, దీనితో ఆరాధనకు నడుమ స్థానమును పొందినది. రెండు మూడు గీతములను నడుమ నడుమ ఆపి పాడుటకు మారుగ, ఇరువది ముప్పది నిమిషములు ఎడతెగక పాడు ఆచారము ఏర్పడినది.

రెండవ పాయ, కాలమునకు తగిన భాషలోను సంగీతములోను ఆరాధనను జనులకు చేరువ చేయవలెనను కోరికనుండి పుట్టినది. 1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన ఆరాధనా శాసనము, ప్రజలు పూర్ణముగను సచేతనముగను పూజలో పాల్గొనవలెననియు, మాతృభాషలకు చోటీయవలెననియు నిర్దేశించెను. తత్ఫలితముగ లాటిను గానము ఏలిన ఆలయములలో గిటారు మ్రోగసాగెను. 1960ల చివర కాలిఫోర్నియా తీరమున, కోస్టా మేసాలోని కల్వరి చాపెల్ సంఘకాపరి చక్ స్మిత్, సంప్రదాయ సంఘములు ఆమోదింపని హిప్పీ యువకులను వారి పొడుగు జుట్టుతోను గిటారులతోను కూడ చేర్చుకొనెను. ఆ యువకుల పాటలను ప్రచురించుటకై 1971లో మారనాత మ్యూజిక్ సంస్థ వెలసినది. వృత్తిరీత్యా సంగీతకారుడై పిమ్మట బోధకుడైన జాన్ వింబర్ 1977లో దక్షిణ కాలిఫోర్నియాలో స్థాపించిన సంఘము 1982లో వైన్‌యార్డ్ ఉద్యమమున చేరినది. దేవునిగూర్చి పాడుటకంటె దేవునితోనే నేరుగ మాటలాడునట్లు పాడు సన్నిహిత గీతములకు ఆ ఉద్యమము ప్రసిద్ధి నిచ్చెను. ఇంగ్లాండున గ్రాహమ్ కెండ్రిక్ 1987లో రచించిన 'షైన్, జీసస్, షైన్' వీథులలోని ఊరేగింపులవరకు ప్రాకినది. సిడ్నీ నగరమున 1983లో ప్రారంభమైన హిల్‌సాంగ్ సంఘమునుండి డార్లీన్ జెక్ 1993లో రచించిన 'షౌట్ టు ద లార్డ్' ఖండములు దాటెను. 1980లలో క్యాసెట్టులు, ఆ తరువాత సీడీలు, ఇటీవల యూట్యూబు ఈ గీతములను భారతదేశపు నగరములకు, అటనుండి పట్టణములకు, పల్లెలకు మోసికొని వచ్చినవి.

తెలుగునాట పూర్వరంగము

ఈ క్రొత్త గాలి తెలుగుదేశమునకు వీచునాటికి ఇచట బలమైన గానసంప్రదాయ మొకటి అప్పటికే వేళ్ళూనియుండెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఆదిగా గల వాగ్గేయకారులు కర్ణాటక రాగతాళములలో రచించిన కృతులు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున చేరి, శాఖాభేదము లేక సంఘములన్నింటికి ఉమ్మడి సొత్తైనవి. ప్రతి కీర్తన శిరమున రాగము, తాళము ముద్రించుట ఆ పుస్తకపు ఆచారము. పల్లవి, అనుపల్లవి, చరణములుగ నడచు ఆ నిర్మాణమున ఒక గొప్ప సౌలభ్యము కలదు: చరణము నాయకునిదైనను పల్లవి సభది, పుస్తకము లేనివాడును, చదువు రానివాడును రెండవ చరణము ముగియు సరికి పల్లవిని పట్టుకొనగలడు. పాశ్చాత్య సమకాలీన గీతము కోరస్‌ను మరల మరల పాడించి సాధింపజూచిన ప్రయోజనమును తెలుగు కీర్తన నూరేండ్లకు ముందే సాధించియుండెను.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించిన దక్షిణ ఇండియా సంఘము, 1950లో వాడుకకు వచ్చిన ప్రభురాత్రి భోజన క్రమమునందు, సభవారు పలుకవలసిన ప్రత్యుత్తరములను పెంచి, సమాధానమును చేతులతో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొను ప్రాచీనాచారమును పునరుద్ధరించెను. మరియొక దిశనుండి, పంజాబు సిక్కు కుటుంబమున జన్మించి క్రైస్తవుడైన భక్తసింగ్ 1941లో మద్రాసున యెహోవా షమ్మా యందును, 1950లో హైదరాబాదున హెబ్రోను నందును నెలకొల్పిన సహవాసములు, చాపలపై కూర్చుండి దేశీయ వాద్యములతో పాడు పద్ధతిని, విశ్వాసులు ఒకరి తరువాత నొకరు లేచి తమ మాటలలో స్తుతించు దీర్ఘారాధనను అలవరచినవి. కావున తెలుగు నాయకుడు వట్టిచేతులతో పనికి పూనుకొనుటలేదు. కీర్తనయొక్క పల్లవి, క్రమారాధనయొక్క ప్రత్యుత్తరము, సహవాసముల స్వేచ్ఛాస్తుతి అను మూడు నిధులు అతనికి సంక్రమించియున్నవి.

గీతముల ఎంపిక, క్రమము

సాధారణముగ ఆదివారమునకు నాలుగు మొదలు ఆరు గీతములను ఎంపిక చేయుదురు. నాయకుడు ముందుగ సంఘకాపరినుండి ఆనాటి వాక్యభాగమును తెలిసికొని, సంఘ సంవత్సరమున అది ఏ కాలమో, బల్ల ఆరాధన కలదో లేదో, సంఘమున ఇటీవల మరణముగాని వివాహముగాని పంట నష్టముగాని సంభవించినదో విచారించి, ఆ మీదట పాటల జాబితాకు పూనుకొనవలెను. గీతములను వరుసపెట్టుటకు అనుసరింపబడు నమూనాలు రెండు ప్రసిద్ధములు. మొదటిది ప్రత్యక్షగుడారపు నమూనా: ఆవరణమున కృతజ్ఞతాగీతములు, పరిశుద్ధస్థలమున స్తుతిగీతములు, అతిపరిశుద్ధస్థలమున మౌనమునకు చేరువైన ఆరాధనాగీతములు. రెండవది వైన్‌యార్డ్ సంఘములు వ్యాపింపజేసిన అయిదు దశల నమూనా: పిలుపు, నిమగ్నత, వ్యక్తీకరణ, సందర్శనము, సమర్పణము. రెండింటను బాహ్యమునుండి అంతరమునకు, సంభ్రమమునుండి ప్రశాంతికి నడచు గతి కలదు. ఇవి ఉపకరణములు మాత్రమే. శోకముతో వచ్చిన సభను హుషారు పాటతో ఆరంభింపుమని ఏ నమూనాయు నాయకుని నిర్బంధింపజాలదు.

క్రొత్త పాటను నేర్పుట ఒక ప్రత్యేక కళ. అనుభవజ్ఞులు ఒక ఆదివారమున ఒకటికంటె ఎక్కువ క్రొత్తపాటలను ప్రవేశపెట్టరు. ఆరాధన ఆరంభమునకు ముందే పల్లవిని రెండు మూడు మారులు పాడించి, వరుసగ రెండు మూడు వారములు దానినే మరల పాడి, ఒక వారము విడిచి తిరిగి ఎత్తుకొందురు. విడిచిన వారము తరువాత సభవారు తమంతట తాము ఎత్తుకొనగలిగినచో ఆ పాట సంఘపు సొత్తైనదని గ్రహింతురు. ప్రతి వారము క్రొత్తదనము కోరు నాయకుని సంఘము పాడుట మాని వినుటకు అలవాటుపడును. ఏ పాటయు కంఠస్థము కాని విశ్వాసికి, రోగశయ్యపై నున్ననాడు తలచుకొనుటకు ఏ పాటయు మిగులదు.

శ్రుతి, స్థాయి, లయ

సభ పాడుటకును మానుటకును హేతువులలో శ్రుతి నిర్ణయము ప్రధానమైనది. తఱచుగ ఉపేక్షింపబడునదియు ఇదియే. కర్ణాటక సంగీత సంప్రదాయమున పురుషులు ఒకటి, ఒకటిన్నర శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతులలోను పాడుట పరిపాటి. కీబోర్డు భాషలో ఇవి సి, సి షార్ప్ అనియు, జి, జి షార్ప్ అనియు చెప్పబడును. ఆలయమున స్త్రీపురుషులు, పిల్లలు, వృద్ధులు ఒకే శ్రుతిలో, ఒక స్థాయి ఎడముతో పాడవలసియుండుటచేత, ఇరువర్గములకును నడిమిదారిని వెదకక తప్పదు. శిక్షణలేని కంఠము శ్రమలేక పలుకగల వ్యాప్తి ఒక స్థాయిని, దానిపై రెండు మూడు స్వరములను మించదు. ధ్వనిముద్రికలలోని గాయకులు పెక్కుమంది అసాధారణమైన పైస్థాయి కలవారు. మొదటి చరణమును మంద్రమున పాడి, కడపటి పల్లవిని ఒక స్థాయి పైకెత్తుట వారికొక అలంకారము. ఆ పాటను ఆ శ్రుతిలోనే ఆలయమున ఎత్తినచో, మంద్రమున సభ గొణుగును, తారమున మూగవోవును.

ఇందుకు శనివారపు ప్రాక్టీసులో అనుసరింపదగిన విధానము సులభమైనది. పాటను పల్లవినుండి ఎత్తుకొనక, చరణములో మిక్కిలి పైకి పోవు పాదమును ముందుగ వెదకి, అందలి పైస్వరము డి వద్దను, తప్పనిచో ఇ వద్దను నిలుచునట్లు స్కేలును నిర్ణయించి, ఆ మీదట మిక్కిలి క్రిందిస్వరము బి కంటె బహుదూరము దిగకుండునేమో సరిచూతురు. బృందములో శిక్షణ లేని ఒక పెద్దామెను పాడుమని కోరి, ఆమె మెడనరములు బిగియుచున్నవేమో గమనించుట ఏ యంత్రముకంటెను నమ్మదగిన పరీక్ష. నిర్ణయించిన స్కేలును కీబోర్డు వాద్యకుడు ట్రాన్స్‌పోజ్ బొత్తాముతో క్షణములో మార్చుకొనగలడు గాని, హార్మోనియము, వేణువు వాయించువారికి ముందుగ తెలియజేయుట అవసరము. వేకువజామున జరుగు ఈస్టరు ఆరాధనలో కంఠములు ఇంకను విచ్చుకొనియుండవు గనుక, అదే పాటను అరస్వరము గాని ఒక స్వరము గాని దించి పాడించుట వివేకము.

లయవిషయమున రెండు దోషములు సామాన్యములు: ఆరంభపు ఉత్సాహముతో పాట అంతకంతకు పరుగెత్తుట ఒకటి, నిదానపు కీర్తన సాగి సాగి ఊపిరి అందనీయకుండుట రెండవది. నాయకుడు పాట ఎత్తుటకు ముందు అందలి పల్లవిని మనస్సులో ఒకమారు అనుకొని, ఆ నడకను వాద్యకులకు చేతితో చూపి, అటుపిమ్మట ఆరంభించుట మేలు. పంక్తి చివర సభ ఊపిరి తీసికొనుటకు చాలినంత ఎడము ఉన్నదా అని చూచుటయు అతని బాధ్యతయే. తాను గమకములు, ఆలాపనలు చేర్చి పాదము చివర ఆలస్యము చేయు నాయకునివెంట సభ నడువలేదు. ఇంటివద్ద ఎంత విద్యయైన ప్రదర్శింపవచ్చును గాని, సభను నడుపువేళ స్వరమును ఉన్నదున్నట్లు పలుకుటయే ప్రేమ.

వాద్యబృందము

పాశ్చాత్య సంఘములలో గిటారు, కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్సు సామాన్య పరికరములు కాగా, తెలుగు సంఘములలో కీబోర్డు, తబలా లేక డోలక్, తాళములు, వానికి తోడుగ ఎలక్ట్రానిక్ ప్యాడ్సు వాడుకలో నున్నవి. ఒక్క కీబోర్డు తప్ప మరి ఏమియు లేని చిన్నసంఘములలో, వాద్యకుడు ఎడమచేతితో స్వరమేళమును పట్టగా యంత్రమే తాళమును సమకూర్చు స్టైల్సు ఉపకరించుచున్నవి. ఐతే యంత్రతాళము సభ ఆగినపుడు ఆగదు, సభ కన్నీరు కార్చినపుడు మెల్లగిల్లదు. కావున చేతితో వాయించు ఒక డోలక్ విద్వాంసుని తయారుచేసికొనుట చిన్నసంఘమునకు గొప్ప లాభము. నగరములలోని పెద్దసంఘములు వాద్యకులకు చెవిలో వినబడు క్లిక్ ధ్వనిని, చెవిలోనే అమర్చు మానిటర్లను వాడుచున్నవి. ఇట్టిచోట నాయకుడు ఒక చెవినైనను తెరచియుంచుకొననిచో సభయొక్క గానమును వినజాలడు; వినని నాయకుడు నడిపింపజాలడు.

వాద్యకులతో సంభాషించుటకై సంజ్ఞలు ఏర్పడియున్నవి. వ్రేళ్ళతో చరణసంఖ్యను చూపుట, పిడికిలి మూసి ముగింపును సూచించుట పలుదేశములలో వాడుక. 1950ల చివర నాష్‌విల్ స్టూడియో సంగీతకారులు రూపొందించిన సంఖ్యాపద్ధతి, స్వరమేళములను అక్షరములకు మారుగ అంకెలతో వ్రాయుటచేత, స్కేలు మారినను అదే కాగితము చెల్లునట్లు చేయుచున్నది. సరిగమల స్థానములను అంకెలుగ భావింపగల తెలుగు వాద్యకునికి ఈ పద్ధతి సులభముగ పట్టుబడును. వాద్యములు ఎప్పుడు మ్రోగవలెనో తెలియుటకంటె ఎప్పుడు ఆగవలెనో తెలియుట కష్టతరము. పల్లవిని ఒకమారు వాద్యములన్నియు ఆపి కేవలము కంఠములతో పాడించినచో, సభ తన స్వరమును తానే విని ధైర్యము పొందును. నాయకుడును సభ స్థితిని ఉన్నదున్నట్లు గ్రహించును.

ధ్వనియంత్రములు, తెర

ధ్వనిని అదుపుచేయు మిక్సరు వద్ద కూర్చుండువాడు పరిచర్యలో నాయకునితో సమానభాగస్వామి. అమెరికా ఆరోగ్యసంస్థల ప్రమాణము ప్రకారము 85 డెసిబెల్ ధ్వనిలో దినమునకు ఎనిమిది గంటలకు మించి యుండరాదు. ఆపై ప్రతి మూడు డెసిబెల్లకు ఆ కాలము సగమగును. చెవులకు హాని సంగతి అటుంచి, ప్రక్కనున్న తోటివిశ్వాసి గొంతు వినబడనంత ధ్వనిలో ఎవడును పాడడు, పాడినను తన పాట అవసరమని తలపడు. భారతదేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితి కలదు. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు వరకు బహిరంగ ప్రదేశములలో లౌడుస్పీకర్లను సాధారణముగ వాడరాదు. పొరుగువారి నిద్రను మన్నించుట సాక్ష్యములో భాగమని సంఘములు గ్రహింపవలసియున్నది.

పాటల పుస్తకమునకు మారుగ తెర వచ్చినపిమ్మట తలలు పైకి లేచినవి, చేతులు ఖాళీయైనవి; కాని తెరయందు తప్పు దొర్లినచో సభయంతయు ఒక్కమారే మూగబోవును. ఒక్కొక్క తెరపై రెండు మొదలు నాలుగు పంక్తులకు మించకుండ నింపి, చివరిమాట పూర్తికాకమునుపే తరువాతి తెరను చూపవలెను. తెలుగు లిపిలో వత్తులు, గుణింతములు పంక్తిక్రిందికిని పైకిని చాచుకొనియుండుటచేత పంక్తుల నడుమ ఆంగ్లముకంటె అధికమైన ఎడము విడువక తప్పదు. 'అను' అనెడి పేరుగల పాత ఫాంట్లలో టైపుచేసిన సాహిత్యము, ఆ ఫాంటు లేని కంప్యూటరుపై అర్థములేని గుర్తులుగ మారుట అనేక సంఘములలో ఆదివారపు ఉదయమున ఎదురగు ఇబ్బంది. పాటలన్నింటిని యూనికోడ్‌లో తిరిగి టైపుచేయించి, అక్షరదోషములు దిద్ది భద్రపరచుట ఏ సంఘమైనను ఒక్కమారు చేసికొనదగిన మేలైన పని.

గ్రంథస్వామ్యము

అమెరికాలోను భారతదేశములోను నిజమైన మతారాధనా సందర్భమున పాటను పాడుటకు చట్టము మినహాయింపు నిచ్చుచున్నది. మనదేశమున ఇది 1957 నాటి కాపీరైట్ చట్టము 52వ సెక్షనులో కలదు. పాడుట వేరు, సాహిత్యమును అచ్చొత్తుట, ముద్రికలుగ విడుదల చేయుట వేరు. వీనికి కర్త యనుమతి అవసరము. ఒక ప్రచురణ సంస్థ వేసిన దావాలో చికాగో కాథలిక్ అగ్రపీఠముపై 1984లో జూరీ ముప్పది లక్షల డాలర్లకు మించిన పరిహారము విధించెను. అందలి పెద్దభాగమును పై న్యాయస్థానము పిమ్మట త్రోసివేసినను, సంఘములలో అది గొప్ప కలవరమును రేపెను. పాటల వినియోగమునకు ఉమ్మడి అనుమతుల నిచ్చు సి.సి.ఎల్.ఐ. సంస్థ 1988లో ఓరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నగరమున రూపొందినది. సంఘము తన పరిమాణమును బట్టి వార్షిక రుసుము చెల్లించి, పాడిన పాటలను నివేదింపగా, ఆ సొమ్ము కర్తలకు పంపిణీ యగును. తెలుగున ఇట్టి ఏర్పాటు వేళ్ళూనకపోయినను, కర్త పేరును తెరపై చూపుట, ఆంగ్ల గీతమును అనువదించి పాడుటకు ముందు అనుమతి కోరుట నాయకుని నీతిలో భాగము.

వివాదములు

సమకాలీన పద్ధతిపై విమర్శలు తీవ్రముగనే వెలువడినవి. గీతములలో 'నేను', 'నాకు' అను మాటలు పెరిగి 'మేము' అనునది తరిగినదనియు, త్రిత్వము, పాపము, న్యాయము, పునరాగమనము వంటి విషయములు పలుచబడినవనియు పెక్కుమంది వాదించిరి. బైబిలునందలి 150 కీర్తనలలో మూడవవంతుకు మించి విలాపములు కాగా, నేటి పాటల జాబితాలో విలాపము దాదాపుగ శూన్యమగుట దుఃఖితులను ఆలయమున పరాయివారిని చేయుచున్నది. వ్యాపారముయొక్క ప్రభావము మరియొక సమస్య: 2010–2020 నడుమ అమెరికా సంఘములలో అధికముగ పాడబడిన క్రొత్తగీతములలో అత్యధిక భాగము బెతెల్, హిల్‌సాంగ్, ఎలివేషన్, పాషన్ అను నాలుగు కేంద్రములతో సంబంధము కలవేనని పరిశోధకులు గుర్తించిరి. పదివేలమంది సభకై కూర్చిన పాట నలుబదిమంది సంఘమునకు అట్లే సరిపడునను భ్రమ దీనినుండి పుట్టినది.

ఈ విమర్శకు ఉద్యమము లోపలినుండియే ఒక జవాబు వచ్చినది. 1990లలో ఇంగ్లాండునందలి వాట్‌ఫర్డ్ పట్టణపు సోల్ సర్వైవర్ సంఘకాపరి, తన సభవారు పాటలను రుచిచూచువారుగ మారుచున్నారని గ్రహించి, వాద్యబృందమును, ధ్వనియంత్రములను కొంతకాలము పూర్తిగ తొలగించెను. మొదట ఇబ్బందికరమైన నిశ్శబ్దము ఆవరించెను. క్రమముగ జనులు వాద్యములు లేకయే స్వయముగ పాడుటకును ప్రార్థించుటకును పూనుకొనిరి. వాద్యములు తిరిగి వచ్చిన కాలమున, ఆ సంఘపు నాయకుడు మాట్ రెడ్‌మన్ ఆ అనుభవమునుండియే 'ద హార్ట్ ఆఫ్ వర్షిప్' అను గీతమును రచించెను. ఆ గీతమే పిమ్మట ప్రపంచమంతట వాద్యబృందములు అత్యధికముగ వాయించు పాటలలో ఒకటియగుటనుబట్టి, దోషము వాద్యములయందు గాక వానిని వాడు ఉద్దేశమునందు కలదని తేలుచున్నది.

తెలుగు సంఘములలో నేటి స్థితి

ప్రస్తుతము తెలుగు ఆరాధనలో మూడు ప్రవాహములు కలిసి నడచుచున్నవి: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, స్వతంత్రసంఘములు వెలువరించు క్రొత్తపాటలు, ఆంగ్ల హిందీ గీతముల అనువాదములు. గుంటూరు కేంద్రముగ నడచు హోసన్నా మినిస్ట్రీస్ ఏటేట వెలువరించు గీతములు, అచట జరుగు గుడారాల పండుగ ద్వారా శాఖాభేదము లేక పల్లెలవరకు చేరుచున్నవి. అనువాదములలో ఒక చిక్కు తఱచు ఎదురగును: ఆంగ్లపు పొట్టిమాటలకై కూర్చిన బాణీలో తెలుగు దీర్ఘపదములను ఇరికించుటచే, హ్రస్వముపై సాగదీత, దీర్ఘముపై తొందర ఏర్పడి, మాట చెవికి తెలియకుండ పోవును. తెలుగు మాత్రల నడక నెరిగినవారు రచించిన పాటకు ఈ బాధ లేదు. బ్రదరన్ సంప్రదాయపు సభలలో స్త్రీలు బహిరంగముగ నడిపింపకున్నను, తక్కిన పెక్కు సంఘములలో పాటను ఎత్తునదియు నిలుపునదియు స్త్రీలే.

అమెరికా, బ్రిటను, గల్ఫు దేశములలోని తెలుగు సంఘములయందు సమస్య మరొక రూపము దాల్చినది. అచట పుట్టిపెరిగిన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. అందుచే తెరపై తెలుగు లిపిక్రింద అదే సాహిత్యమును రోమను అక్షరములలోను చూపుట ఆచారమైనది. తాతలు పైపంక్తిని, మనుమలు క్రిందిపంక్తిని చదువుచు ఒకే కీర్తనను పాడుదురు; ఆ పిల్లలకు తెలుగు భాషతో మిగిలిన సజీవబంధములలో ఈ పాట ముఖ్యమైనదని చెప్పుట అతిశయోక్తి కాదు.

నాయకుని శిక్షణము, బాధ్యత

ఈ పరిచర్యకు కావలసిన అర్హతలలో కంఠము ఒకటి మాత్రమే. లేఖన పరిచయము, పాటల అర్థమును వివేచించు శక్తి, సంఘపు ఇండ్ల సుఖదుఃఖముల ఎరుక, వాద్యకులతో ఓర్పు, తన కీర్తికంటె సభ క్షేమమును కోరు మనస్సు తక్కినవి. పాటల నడుమ నాయకుడు పలుకు మాటలు కొలదిగ నుండవలెను. ఒక వచనము, ఒక వాక్యప్రార్థన చాలును. రెండవ ప్రసంగము సంఘమునకు అక్కరలేదు. ఏకవ్యక్తిపై ఆధారపడిన పరిచర్య ఆ వ్యక్తి ఊరు విడిచిననాడు కూలిపోవును గనుక, ప్రతి నాయకుడు ఇద్దరు ముగ్గురు యువకులను, యువతులను వెంటబెట్టుకొని, మొదట ఒక పాట, పిదప ఒక ఉపవాసకూటము, ఆ తరువాత ఒక ఆదివారము అను క్రమమున వారికి బాధ్యత నప్పగింపవలెను. సండే స్కూలు పిల్లలకు నెలకొక పాత కీర్తనను రాగతాళములతో నేర్పినచో, పదేండ్లలో సంఘమునకు నూటికి పైగ పాటలు కంఠస్థమగును. క్రొత్తపాటలకు అవి పునాదియగును.

తెలుగున ఈ పరిచర్యకు మిక్కిలి కొరతగ నున్నది పాటలు కావు. వానిని సభకు అనువైన శ్రుతులతో, స్వరలిపితో, కర్తల పేర్లతో శుద్ధముగ కూర్చి ప్రచురించు పని. ముద్రికనుండి ముద్రికకు, నోటినుండి నోటికి పోవుచు పాఠములు చెదరిపోవుచున్న ఈ కాలమున, ప్రతి పాటకు ఒక నిర్ణీత పాఠమును, సామాన్యుడు పాడగల ఒక స్కేలును నిర్ణయించు ఉమ్మడి కృషికి సంఘములు శాఖాభేదములను ప్రక్కనిడి పూనుకొనినచో, కీర్తనల సంపుటము మన పూర్వులకు చేసిన మేలును నేటి పాటలు రాబోవు తరములకు చేయగలవు.